ఊరి సర్కారు బడిలో చదువు ఎలా ఉంది? సైదాబాద్ నుంచి ఒక తల్లి రివ్యూ

మాది హైదరాబాద్ సైదాబాద్‌లో చిన్న కుట్టు షాపు. బ్లౌజులు కుట్టించుకోవడానికి వచ్చే తల్లులు కొలతలు ఇచ్చాక కాసేపు కూర్చుంటారు. మాటల్లో స్కూలు ఫీజుల సంగతి రాగానే అందరూ అడిగేది ఒకటే: "మీ పాప ఊళ్లో సర్కారు బడిలోనే కదా అక్కా, చదువు బానే చెప్తారా?" ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తే ఇంకొంతమందికి పనికొస్తుందని రాస్తున్నాను.

మా పాప ఆరో తరగతి నుంచి మా అమ్మవాళ్ల ఊళ్లో, ఇబ్రహీంపట్నం అవతల ఒక మండలంలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుతోంది. ఇప్పుడు పదో తరగతి. బాబు మాత్రం మా దగ్గరే, ఇక్కడి ప్రభుత్వ ప్రైమరీ స్కూల్లో మూడో తరగతి. ఊరి పేరు, బడి పేరు రాయను. అక్కడ ఉన్న టీచర్లే కొద్దిమంది, పేరు రాస్తే ఎవరి గురించో అందరికీ తెలిసిపోతుంది.

ఊరి హైస్కూల్‌కి ఐదుకి మూడున్నర ఇస్తాను. 2024కి ముందు ఎవరైనా అడిగి ఉంటే రెండు ఇచ్చేదాన్ని. ఆ ఒకటిన్నర పెరిగింది కొత్త గదుల వల్ల కాదు, టీవీ బోర్డు వల్ల కాదు, ఇంగ్లిష్ మీడియం వల్ల కూడా కాదు. ఖాళీగా ఉన్న మ్యాథ్స్ పోస్టులోకి ఒక సార్ వచ్చారు, అంతే. సర్కారు బడి బాగుందా లేదా అని అడిగేవాళ్లకి నేను చెప్పే మాట కూడా ఇదే: ఏ సబ్జెక్టుకి టీచర్ ఉన్నారు, ఏ సబ్జెక్టుకి లేరు అన్నది ముందు తెలుసుకోండి. మిగతావి తర్వాత.

పాపని ఊరికి ఎందుకు పంపామో క్లుప్తంగా చెప్తాను. కరోనా టైములో ఇక్కడి ప్రైవేటు స్కూల్లో ఏడాదికి 34 వేలు ఫీజు, ఫోన్లో క్లాసులు, ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. షాపు మూతపడింది. బాకీ మొత్తం కడితే తప్ప టీసీ ఇవ్వమన్నారు. నా గాజులు కుదువ పెట్టి కట్టాం. 2021 సెప్టెంబర్ 1న బడులు తెరిచినప్పుడు మా అమ్మ "పిల్లని నా దగ్గరికి తోలు బిడ్డా, నేను చూసుకుంట" అంది. నేను పదో తరగతి చదివిందీ ఆ బడిలోనే. మా రోజుల్లో తరగతికి ఏ, బీ అని రెండు సెక్షన్లు ఉండేవి. పాపని చేర్పించే నాటికి బడి మొత్తం మీద 140 మంది పిల్లలున్నారు.

పిల్లలంతా ఎటు పోయారని మీరు అడగొచ్చు. సగం మంది ప్రైవేటు స్కూలు పసుపు వ్యాన్లలో పట్నం వైపు వెళ్తారు. చురుకైన పిల్లల్లో చాలామంది గురుకులాలకి పోతారు. గురుకులాల్లో చదువు బాగుంటుంది, నేను కాదనను. 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన ఆ పద్ధతి వల్ల పేదింటి పిల్లలు ఎంతోమంది పైకొచ్చారు. కానీ గురుకులం సీట్లు ఎక్కువగా ఐదో తరగతిలోనే ఇస్తారు. నాలుగో తరగతి అయ్యేసరికి ఎంట్రెన్స్ రాయించి, సీటొచ్చిన పిల్లల్ని తీసుకుపోతారు. ఆరో తరగతికి ఊరి హైస్కూల్‌కి వచ్చేది సీటు రానివాళ్లు, వ్యాను ఫీజు కట్టలేనివాళ్లు, ఆడపిల్లని హాస్టల్‌కి పంపడం ఇష్టం లేని ఇళ్లవాళ్లు. క్లాసులో పక్కనున్న పిల్లని చూసి నేర్చుకునే అవకాశం అక్కడే తగ్గిపోతుంది. ఆ బడి రిజల్టు తక్కువొస్తే టీచర్లనే అనేముందు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇక మ్యాథ్స్ గురించి. దీని మీద ఎక్కువే రాస్తాను.

ఆ బడిలో మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్ సార్, అంటే హైస్కూల్లో ఆ సబ్జెక్టు చెప్పే టీచర్, 2020లో రిటైరయ్యారు. పాప ఆరో తరగతిలో చేరినప్పుడు ఆ పోస్టు ఖాళీ. మాకు ఎవరూ చెప్పలేదు, అడగాలని మాకూ తట్టలేదు. హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్ టీచరే కింది తరగతులకి మ్యాథ్స్ కూడా చెప్పడం మామూలే కాబట్టి ఆరులో, ఏడులో పెద్దగా తేడా తెలియలేదు. ఎనిమిదో తరగతికి వచ్చాక తెలిసింది. దసరా సెలవులకి పాప ఇంటికొచ్చినప్పుడు మ్యాథ్స్ నోటుబుక్ తీసి చూశాను. పేజీ పైన తేదీ వేయించడం ఆ బడిలో అలవాటు, మంచి అలవాటు. జూన్‌లో వరసగా తేదీలున్నాయి. జూలైలో రెండు మూడు పేజీలు. ఆగస్టు అంతా ఒక్క లెక్క కూడా లేదు. సెప్టెంబర్‌లో ఒకేసారి మూడో చాప్టర్ అభ్యాసం, సమాధానాలన్నీ తప్పు లేకుండా, ఒకే ఇంకుతో, ఒకే రోజు. "ఇది ఎవరు చెప్పారమ్మా?" అంటే, "బోర్డు మీద రాశారు, మేం ఎక్కించుకున్నాం" అంది. అదే రకం లెక్క అంకెలు మార్చి ఇచ్చాను. మొదటి స్టెప్ దగ్గరే ఆగిపోయింది.

ఫిజిక్స్ మేడమ్‌ని ఏమీ అనలేను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకి ఫిజిక్స్ ఆవిడే, ఆరు నుంచి పది దాకా మ్యాథ్స్ ఆవిడే. పదో తరగతికి రిజల్టు అడుగుతారు కాబట్టి ఆవిడ టైమంతా పదో తరగతికే పోయేది. ఎనిమిదో తరగతి పిల్లలు మ్యాథ్స్ పీరియడ్‌లో సోషల్ నోట్సు రాసుకునేవాళ్లు, లేకపోతే గ్రౌండ్‌లో ఉండేవాళ్లు. కరోనాకి ముందయితే ఇలాంటి ఖాళీల్లో విద్యా వాలంటీర్లని పెట్టేవాళ్లు. ఆ తర్వాత మా బడికి ఎవరూ రాలేదు.

పోస్టు అన్నేళ్లు ఎందుకు ఖాళీగా ఉందో నాకు తర్వాత అర్థమైంది. స్కూల్ అసిస్టెంట్ పోస్టుల్లో ఎక్కువ భాగం ప్రమోషన్ల మీద నింపుతారు, కొంత భాగమే డీఎస్సీలో, అంటే టీచర్ల నియామక పరీక్ష పెట్టి, నేరుగా భర్తీ చేస్తారు. ప్రమోషన్లేమో కోర్టు కేసుల్లో పడి ఏళ్ల తరబడి ఆగాయి. డీఎస్సీ చూస్తే, తెలంగాణలో 2017లో టీఆర్టీ పేరుతో 8,792 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు, మళ్లీ పెద్ద నోటిఫికేషన్ వచ్చింది 2024లోనే, 11,062 పోస్టులకి. ఆరో తరగతిలో చేరిన పిల్ల పది పాసై వెళ్లిపోయినా ఇంకా రెండేళ్లు మిగిలేంత గడువు అది. ఆ మధ్యలో చదివిన పిల్లలకి పోయిన పాఠాలు తిరిగి ఎవరూ చెప్పరు. నాకు కోపం వచ్చేది అక్కడే.

2024 వేసవి తర్వాత ప్రమోషన్లు జరిగాయి. మా బడికి పక్క మండలం ప్రైమరీ స్కూల్ నుంచి ఒక సార్ ప్రమోషన్ మీద మ్యాథ్స్‌కి వచ్చారు. పాప అప్పుడు తొమ్మిది. పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లి ఆయన క్లాసు కిటికీ దగ్గర నిలబడి చూశాను. తొమ్మిదో తరగతి పుస్తకం ఇంకా తెరవలేదు. భిన్నాలు చెప్తున్నారు. తొమ్మిదిలో భిన్నాలేంటని నాకు మొదట టెన్షన్ పట్టుకుంది. ఆయన బోర్డు మీద ఒక మడి గీసి, "ఎకరానికి ఎన్ని గుంటలు?" అన్నారు. క్లాసంతా "నలభై" అంది. "నాకు పదిహేను గుంటలుంది. ఎకరంలో ఎన్నో వంతు?" వెనక బెంచీలో ఒక అమ్మాయి, వాళ్ల నాన్న కౌలుకి చేస్తాడు, లేచి "ఎనిమిదింట మూడు సార్" అంది. ఎలా వచ్చిందంటే ఐదేసి గుంటలు ఎనిమిది భాగాలు చేసి చూపించింది. అప్పుడు సార్ పదిహేను బై నలభై అని రాసి, ఐదుతో కొట్టేసి, "నువ్వు చేసిందీ ఇదే" అన్నారు. మా పాప ముందు బెంచీలో కూర్చుని అది చూస్తోంది. అప్పటిదాకా దానికి భిన్నం అంటే గీత పైనొక అంకె, కింద ఒక అంకె, అంతే.

ఆ ఏడాది సిలబస్ లేటుగానే అయింది. ఆదివారాలు కూడా పిలిచి పూర్తి చేశారు. ఇప్పుడు పాప ఫోన్ చేసినప్పుడు మ్యాథ్స్ గురించి దానంతట అదే మాట్లాడుతుంది. మార్కులు 35, 40 దగ్గర నుంచి 60ల్లోకి వచ్చాయి. ఎనభైలు, తొంభైలు కావు. నాలుగేళ్ల పునాది ఏడాదిన్నరలో పడదు. కానీ తప్పు చేస్తే ఎక్కడ చేసిందో ఇప్పుడు తనే చెప్పగలుగుతోంది.

ఇదే ప్రమోషన్ల వల్ల ఆ ఊరి ప్రైమరీ బడికి ఏమైందో కూడా చెప్పాలి. మా తమ్ముడి కొడుకు అందులో చదువుతాడు. ఐదు తరగతులకి ఇద్దరు టీచర్లు. అందులో ఒకరికి ప్రమోషన్ వచ్చి వేరే ఊరి హైస్కూల్‌కి వెళ్లిపోయారు. డీఎస్సీ వాళ్లకి 2024 అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇచ్చి, వాళ్లు బడుల్లో చేరేదాకా ఒక్క మేడమే ఐదు తరగతులూ చూసింది. ఆవిడ మండల మీటింగ్‌కి పోతే ఆ రోజు పక్క ఊరి నుంచి ఒకర్ని సర్దుబాటు చేసేవాళ్లు, దొరక్కపోతే అంగన్‌వాడీ టీచర్ చూసుకునేది. మా హైస్కూల్‌కి సార్ వచ్చారని మేం సంతోషపడుతున్న నెలల్లోనే ఇంకో ఊరి ప్రైమరీలో ఆయన ఖాళీ అలాగే ఉండి ఉంటుంది.

ఇద్దరు టీచర్లుంటే చాలా అంటే, చట్టం ప్రకారం సరిపోయినట్టే. విద్యా హక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులు కలిపి అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది. పిల్లలు తక్కువైనా తరగతులు ఐదూ ఐదే కదా. ఒక మేడమ్ ఒకటి, రెండు తరగతుల్ని ఒక గదిలో, ఇంకొకరు మూడు, నాలుగు, ఐదు కలిపి ఇంకో గదిలో కూర్చోబెడతారు. మూడోవాళ్లకి చెప్పేటప్పుడు ఐదోవాళ్లు ఎక్కాలు రాసుకుంటూ ఉంటారు. పల్లె పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వేలో 2024లో దేశం మొత్తం మీద పల్లెల్లో ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 44.8 శాతమే అని తేలింది. అంతకు రెండేళ్ల ముందుకంటే మెరుగే అయినా సగం మంది కూడా కాదు. మా మేనల్లుడు ఆ చదవగలిగేవాళ్లలో ఉన్నాడు. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు గట్టిగా నేర్పే తొలిమెట్టు కార్యక్రమం కింద ఆ మేడమ్ రోజూ ఒక్కొక్కరి చేత పైకి చదివించేది, ఆ పని మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడు కూడా మానలేదు. ఆవిడకి నా నమస్కారం.

ఇంగ్లిష్ మీడియం గురించి చాలామంది అడుగుతారు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకి ఒకేసారి మొదలుపెట్టారు. మా పాప అప్పుడు ఏడు. పుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. నాకు ఈ పుస్తకాలు చాలా నచ్చాయి. రాత్రి ఫోన్లో పాపతో చదివించాలంటే తెలుగు పేజీ నేనూ చదివి అర్థం చేసుకోగలను. అయితే పిల్లలు తెలుగు పేజీ చదివి, పరీక్షలో ఇంగ్లిష్ జవాబు బట్టీ కొట్టి రాస్తారు. మా పాప కిరణజన్య సంయోగక్రియ గురించి ఇంగ్లిష్‌లో అర పేజీ రాసింది, ఒక్క తప్పు లేదు. అందులో రెండో వాక్యానికి అర్థం చెప్పమంటే చెప్పలేదు. బయాలజీ మేడమ్ దీనికో పద్ధతి పెట్టారు. పాఠం తెలుగులో వివరించి, పీరియడ్ చివర ఒక్కొక్కరి చేత రెండు వాక్యాలు సొంతంగా ఇంగ్లిష్‌లో చెప్పిస్తారు. తప్పులు దిద్దుతారు కానీ నవ్వరు, నవ్వనివ్వరు. మిగతా సబ్జెక్టుల్లో అలా జరగడం లేదు. ఇంగ్లిష్ మీడియం బోర్డు చూసి చేర్పించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

భోజనం విషయంలో ఊరి బడికి పూర్తి మార్కులు. ఇక్కడ బాబు స్కూల్‌కి ఒక పెద్ద వంటశాల నుంచి వ్యాన్‌లో స్టీలు డబ్బాల్లో వస్తుంది. శుభ్రంగానే ఉంటుంది కానీ పిల్లల ముందుకొచ్చేసరికి చల్లారిపోతుంది, అన్నం ముద్దగా ఉంటుంది, బాబు సగం వదిలేస్తాడు. ఊళ్లో బడి వెనకే రేకుల షెడ్డులో ఇద్దరు ఆడవాళ్లు వండుతారు. సన్నబియ్యం అన్నం, వారానికి మూడు గుడ్లు, పొద్దున్న కొన్ని రోజులు రాగిజావ. పాలకూర పప్పు చేసిన రోజు నేను అక్కడే తిన్నాను. పోపులో ఎల్లిపాయ వేశారు, వేడివేడిగా ఉంది, పిల్లలు రెండోసారి వడ్డించుకున్నారు. ఆ వండే ఆవిడ చెప్పింది: "బిల్లు నెలనెలా రాదమ్మా, కిరాణం షాపులో ఖాతా పెట్టి తెస్తున్నం. గుడ్డు రేటు పెరిగినప్పుడు మా చేతి నుంచే పోతది." పిల్లలకి మూడో గుడ్డు మానేసిన వారాలు కూడా ఉన్నాయట. తప్పు వాళ్లది అనడానికి నాకు నోరు రాలేదు. ఇంతమంది పిల్లలకి వండిపెట్టేవాళ్లు అప్పుచేసి సరుకులు తేవాల్సి రావడం అన్యాయం. బిల్లులు టైముకి రావాలని పేరెంట్స్ తరఫున మేమే రాసి ఇచ్చాం.

గదులు, బెంచీలు, టాయిలెట్ల సంగతి. 2022 మార్చిలో సర్కారు బడులు బాగుచేయడానికి మన ఊరు–మన బడి మొదలుపెట్టినప్పుడు మొదటి విడతలో తీసుకున్న 9,123 బడుల్లో మాదీ ఒకటి. డ్యూయల్ డెస్కులు వచ్చాయి, పచ్చబోర్డులు వచ్చాయి, రెండు గదులకి టైల్స్ వేశారు. డైనింగ్ హాలు పిల్లర్ల దగ్గరే ఆగిపోయింది. ఇనుప చువ్వలు పైకి లేచి ఉంటే వాటికి పిల్లలు బ్యాగులు తగిలిస్తారు. పెద్ద టీవీలా ఉండే డిజిటల్ బోర్డు పెట్టారు, బయాలజీ మేడమ్ వాడతారు, మిగతావాళ్లు తక్కువ. కొలత తప్పిన బ్లౌజు మీద ఎంత మగ్గం వర్క్ చేసినా ఒంటికి కూర్చోదు. మ్యాథ్స్ టీచర్ లేని రోజుల్లో ఆ కొత్త డెస్కులు చూస్తే నాకు అదే అనిపించేది.

టాయిలెట్ మాత్రం అలా పక్కన పెట్టే విషయం కాదు. గది ఉంది, నీళ్లు లేవు, కడిగేవాళ్లు లేరు. ఎనిమిదో తరగతిలో మా పాప పొద్దున్న ఇంట్లో నీళ్లు తాగడం మానేసింది. బడిలో వెళ్లాల్సి వస్తుందని. నెలసరి రోజుల్లో బడికే పోయేది కాదు. ఆ సంగతి నాతో చెప్పలేదు, మా అమ్మ చెప్తే తెలిసింది. 2024 వేసవిలో బడి మరమ్మతులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలని మహిళా సంఘాల చేతికిచ్చాక మోటారు బిగించారు, ట్యాంకు పెట్టారు, తలుపులకి గొళ్లాలు వచ్చాయి. కడగడానికి ఒక మనిషిని పెట్టుకోవడానికి నెలనెలా డబ్బు కూడా మొదలైంది. ఇప్పుడు పాప రెండు సీసాల నీళ్లు తీసుకెళ్తోంది. ఊళ్లో ఆడవాళ్ల చేతికిచ్చిన పని ముందు టాయిలెట్‌తో మొదలైంది, అది నాకు బాగా నచ్చింది.

హెడ్‌మాస్టర్ చేతిలో ఎంత డబ్బు ఉంటుందో తెలిస్తే మీకూ ఆశ్చర్యమేస్తుంది. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద బడి గ్రాంటు పిల్లల సంఖ్యని బట్టి ఇస్తారు. వంద దాటి 250 లోపు ఉంటే ఏడాదికి 50 వేలు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, పరీక్ష పేపర్ల జిరాక్సులు, ఫ్యాను రిపేరు, అన్నీ అందులోనే. 2024లో సర్కారు బడులకి కరెంటు ఉచితం అన్నాక కొంచెం ఊపిరి ఆడిందని హెచ్‌ఎం సార్ అన్నారు. నా చిన్న షాపుకి దారాలు, లైనింగుకే ఏడాదికి దానికంటే ఎక్కువ పోతుంది.

యూనిఫాం గురించి వృత్తిరీత్యా ఒక మాట. గుడ్డ మంచిదే, గట్టిగా ఉంది. కుట్టేది మహిళా సంఘాల వాళ్లు. కానీ అందరికీ అంచనా కొలతలే, చంకల దగ్గర బిగువు, సైడులో అరంగుళం కూడా వదలరు. పెరిగే పిల్లలకి లోపల గుడ్డ వదలాలి. పాపవి రెండు జతలూ విప్పి, చంకల దగ్గర ముక్క వేసి మళ్లీ కుట్టాను. చేతనైనవాళ్లు అలా చేసుకోండి, లేకపోతే ఆరు నెలలకి బిగుసుకుపోతాయి.

చాలామందికి తెలియని లాభం ఒకటుంది, ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాయాలి. సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే అవకాశం. ప్రైవేటు వాళ్లకి లేదు, హాస్టల్ వసతి ఉన్న ప్రభుత్వ గురుకులాల వాళ్లకీ లేదు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. సెలెక్టయితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12 వేలు పిల్లల ఖాతాలో పడతాయి. మా బడిలో సోషల్ సార్ సాయంత్రాలు కూర్చోబెట్టి పాత పేపర్లు చేయించారు. మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలు, సబ్జెక్టులవి ఇంకో 90. మా పాపకి రాలేదు, మ్యాథ్స్ దగ్గర పోయింది. పాప ఫ్రెండు ఒక అమ్మాయికి వచ్చింది, తండా నుంచి నడిచి వచ్చే పిల్ల. ఆ డబ్బుతోనే వాళ్లింట్లో తనని తొమ్మిదిలో ఆపకుండా చదివిస్తున్నారు. ఏటా రెన్యువల్ చేయించడం మర్చిపోవద్దు. చేయకపోతే ఆగిపోతుంది.

తండా పిల్లల ఇబ్బంది ఒకటుంది. పదో తరగతికి సాయంత్రం స్పెషల్ క్లాసులు అయ్యేసరికి చీకటి పడుతుంది. ఆడపిల్లలకి బస్సు ఉచితమే, కానీ ఆ టైముకి ఆ దారిలో బస్సే లేదు. ఇద్దరు ముగ్గురు తండ్రులు వంతులేసుకుని బండ్ల మీద తీసుకెళ్తున్నారు. తండ్రి వలస పోయిన ఇంటి పిల్ల స్పెషల్ క్లాసు మానేసి నాలుగింటి బస్సుకి వెళ్లిపోతుంది. ఆ గంటన్నరలో చెప్పే పాఠం ఆ పిల్లకే ఎక్కువ అవసరం. డిపోకి అర్జీ పెట్టాం, ఇంకా ఏమీ కాలేదు. ఒక స్టార్ కట్ చేసింది ఇలాంటి వాటికే.

మిగతా అర స్టార్ హిందీకి. హిందీ పండిట్ వారంలో సగం రోజులు మా బడిలో, సగం రోజులు ఇంకో బడిలో. ఆటలు నేర్పే పీఈటీ సార్ లేరు. గ్రౌండ్ మాత్రం పెద్దది, మా పాప కబడ్డీ అక్కడే నేర్చుకుంది, సీనియర్ అమ్మాయిల దగ్గర.

హైదరాబాద్‌లో ఉండి సర్కారు బడి చూడ్డానికి వెళ్లేవాళ్లు, ఇక్కడైనా ఊళ్లోనైనా, పదో తరగతి పాస్ శాతం అడిగి వచ్చేయకండి. మా బడిలో మ్యాథ్స్ టీచర్ లేని ఏడాది కూడా ఇద్దరు తప్ప అందరూ పాసయ్యారు. ఆఫీసు గదిలో గోడ మీద స్టాఫ్ వివరాల బోర్డు ఉంటుంది, దాని ముందు నిలబడి ఒక్కో సబ్జెక్టుకి ఎవరు, ఎప్పటి నుంచి, డిప్యుటేషన్ మీద ఇంకెక్కడికైనా వెళ్లారా అని అడగండి. డిప్యుటేషన్ మీద వెళ్తే బోర్డు మీద పేరు ఉంటుంది, క్లాసులో మనిషి ఉండరు. ఎనిమిదో తరగతి పిల్లల మ్యాథ్స్ నోటుబుక్ అడిగి తేదీలు చూడండి. పదో తరగతిది చూడొద్దు, దాని మీద ఎలాగూ అందరి దృష్టి ఉంటుంది. ఆడపిల్ల తల్లి అయితే టాయిలెట్ తలుపు తీసి కుళాయి తిప్పి చూడండి. హెచ్‌ఎం మంచివారైతే ఏమీ అనుకోరు.

చేర్పించాక స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ గురించి కనుక్కోండి. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. చాలాచోట్ల సంతకాలకే పిలుస్తారు. మ్యాథ్స్ పోస్టు గురించి మేం మండల విద్యాధికారికి (ఎంఈఓ) అర్జీ ఇచ్చింది ఆ కమిటీ తరఫునే. ప్రమోషన్ల లిస్టు మా అర్జీ వల్ల కదిలిందని నేను అనను. కానీ సార్ వచ్చేలోపు ఒక ఏడాది చివర్లో పక్క బడి నుంచి వారానికి రెండు రోజులు ఒక టీచర్‌ని సర్దుబాటు చేశారు. అది మాత్రం అడిగినందుకే వచ్చింది.

వచ్చే ఏడాది బాబు విషయంలో మా ఆయన, నేను ఇంకా తేల్చుకోలేదు. గురుకులం ఎంట్రెన్స్ రాయిద్దామని ఆయన, ఇక్కడే ఐదు దాకా ఉంచి ఆరులో ఊరికి పంపుదామని నేను. మ్యాథ్స్ సార్ అప్పటికి అక్కడే ఉంటే పంపుతాను. బదిలీ అయి, ఆ పోస్టు మళ్లీ ఖాళీ అయితే పంపను. జూన్‌లో పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట అప్పుడు టీచర్లే ఇంటింటికీ వస్తారు, వాళ్లు వచ్చేదాకా ఆగకుండా ఏప్రిల్‌లోనే వెళ్లి హెచ్‌ఎం సార్‌ని అడుగుతాను. మీరు ప్రైవేటు నుంచి మారుస్తుంటే టీసీ పని ముందే మొదలుపెట్టండి, బాకీ ఉంటే కొంచెం కొంచెంగా కట్టి రసీదులు దగ్గర పెట్టుకోండి. పిల్లల ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ బడి రికార్డుతో సరిపోయాయో లేదో ఇప్పుడే చూసుకోండి. స్కాలర్‌షిప్ దగ్గర, పదో తరగతి నామినల్ రోల్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) దగ్గర ఆగిపోయేది ఎక్కువగా ఆ చిన్న తేడాల వల్లే.